తెరకో తీరు

చిన్నోడు గల్ఫ్‌కు పోవాలి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇది కొత్త మాటేం కాదు. ఏ వాడలో అడిగినా దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఒకరున్న ఇల్లు చూపిస్తారు. అలాంటి ఓ ఇల్లు అనుకోండి. చిన్నోడు జగిత్యాలలో నెట్ సెంటర్‌కు వెళ్లి దరఖాస్తు నింపాడు. పంపేముందు ఇంట్లోవాళ్లు కూడా ఓసారి చూస్తే మంచిదని లింకు అందరికీ పెట్టాడు. కోరుట్లలో బాపు తన ఫోన్‌లో తెరిచాడు. సిరిసిల్లలో అక్క తన ఫోన్‌లో తెరిచింది. దుబాయ్‌లో అన్న, క్యాంపులో డ్యూటీ దిగాక, తన పాత ఫోన్‌లో తెరిచాడు.

"పుట్టిన తారీఖు తప్పు పడ్డది గదరా! ఎనిమిది, ఐదు అని ఉన్నది" అన్నాడు బాపు.

"గట్లెట్ల ఉంటది బాపూ? ఐదు, ఎనిమిది అనే కొట్టించిన. నా కండ్లముందలనే కొట్టిండు."

"తారీఖు సంగతి తర్వాత. అసలు పంపే బటనేది? నా ఫోన్ల కింద ఏం లేదు" అంది అక్క.

"మన ఊరి పేరు దగ్గర డబ్బాలు డబ్బాలు కనబడుతున్నయ్‌రా" అన్నాడు అన్న.

ఒకే పేజీ. నాలుగు తెరలు. నాలుగు మాటలు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నవ్వి వదిలేయొచ్చు కానీ, వీసా మీది పుట్టినతేదీ పాస్‌పోర్టులోని తేదీతో కలవకపోతే ప్రయాణం ఆగుతుంది. అప్పు తెచ్చి కట్టిన డబ్బు మీద మిత్తి మాత్రం ఆగదు.

ముందు ఆ తేదీ సంగతే చూద్దాం. చిన్నోడు పుట్టింది 1998 ఆగస్టు 5న. పేజీలో తేదీ గడి సరైన పద్ధతిలో కట్టి ఉంటే, లోపల దాచుకునేది ఒకటే రూపం: ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. 1998-08-05. ఆ గడిని మనకు ఎలా చూపించాలన్నది మాత్రం బ్రౌజర్ ఇష్టం. ఫోన్ భాష 'ఇంగ్లిష్ (ఇండియా)' అని ఉంటే ముందు రోజు. 'ఇంగ్లిష్ (అమెరికా)' అని ఉంటే ముందు నెల. కొన్ననాడు దుకాణంలో ఎవరో నొక్కిన భాషను మళ్లీ మార్చేవాళ్లెందరు? బాపు ఫోన్ తనకు తెలియకుండానే అమెరికా లెక్కలో ఉంది. అంతకుమించి తప్పేం లేదు.

తప్పు జరిగేది ఇంకోచోట. సైటు కట్టినవాళ్లు తేదీ గడి పెట్టకుండా మామూలు రాత గడి పెట్టి, వచ్చిన అంకెల్ని ప్రోగ్రామ్‌కు వదిలేస్తే అది 05/08ని మే 8గా చదువుతుంది. ఎందుకంటే బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ అనే భాషకు గీతలు పెట్టి రాసిన తేదీని అమెరికా వాళ్లలా చదవడం మొదటినుంచీ అలవాటు. తమాషా ఏమిటంటే, 13వ తేదీ నుంచి నెలాఖరు దాకా పుట్టినవాళ్లు అదృష్టవంతులు. 20/08 అని కొడితే, ఇరవయ్యో నెల అనేది లేదు కాబట్టి, తప్పు వెంటనే బయటపడుతుంది. 1 నుంచి 12 లోపు పుట్టినవాళ్లకే చిక్కు. అందులోనూ 5/5, 8/8 లాంటి జంట అంకెల వాళ్లు బతికిపోతారు. లెక్కేస్తే ఏడాదిలో 132 రోజులు ఇలా సడీచప్పుడూ లేకుండా తారుమారయ్యేవే. చిన్నోడి ఆగస్టు 5 వాటిలో ఒకటి.

ఇదే తేదీని డాలస్‌లో ఉన్న చుట్టం తెరిచాడనుకోండి, కొన్ని సైట్లలో ఆగస్టు 4 అని కనబడొచ్చు. ప్రోగ్రామ్ ఆ తేదీని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటే, అమెరికాలో అప్పటికింకా ముందురోజు సాయంత్రమే! గ్రీనిచ్‌కు తూర్పున ఉన్న దుబాయ్‌కీ కోరుట్లకూ ఆ బాధ లేదు.

అసలు ఒకే పేజీ తెరకో తీరుగా ఎందుకు కనిపిస్తుంది? వెబ్‌పేజీ అంటే ఫొటో కాదు, టీవీలో వచ్చే బొమ్మా కాదు. అది ఒక రాత. 'ఇక్కడ శీర్షిక పెట్టు, దాని కింద గడి గీయి, పక్కన బటన్ ఉంచు' అని రాసిచ్చిన చీటీ. దాన్ని చదివి తెరమీద బొమ్మ గీసేది బ్రౌజర్. బతుకమ్మ పాట ఒకటే అయినా వాడవాడకూ రాగం మారినట్టు, చీటీ ఒకటే అయినా చదివేవాళ్లు మారితే బొమ్మ మారుతుంది.

ఈ జగడం పాతదే. 1990ల చివర నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పోటాపోటీగా తలో కొత్త సొగసూ చేర్చుకుంటూ పోయాయి. కొలతల్లో కూడా పొత్తు కుదరలేదు. ఇంటి వెడల్పు అంటే గోడలు కలుపుకొనా, లోపలి జాగా మాత్రమేనా? మేస్త్రీకీ యజమానికీ వచ్చే తగాదా ఇది. గడి వెడల్పు అంటే లోపలి జాగా మాత్రమే అని ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ చెప్పింది. గోడలు కలుపుకొని అంటూ పాత ఎక్స్‌ప్లోరర్ తన లెక్కన గీసింది. రెండింటిలోనూ సరిగ్గా కనిపించే పేజీ కట్టడానికి అప్పటి కుర్రాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. విచిత్రం చూడండి... తర్వాత ఎలా కొలవాలో ఎంచుకునే వీలు వచ్చినప్పుడు, ఎక్కువమంది ఎంచుకున్నది గోడలు కలుపుకొనే లెక్కనే. ఓడిపోయిన లెక్కే చివరికి సుఖంగా ఉందన్నమాట!

2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 లోకాన్ని ఏలింది. తర్వాతి రూపం రావడానికి 2006 దాకా ఐదేళ్లు పట్టింది. 'ఈ సైటును ఎక్స్‌ప్లోరర్‌లోనే చూడండి' అని అడుగున రాసిపెట్టిన సైట్లను నెట్ సెంటర్ల వాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. కొందరు సైటు వాళ్లయితే వచ్చిన బ్రౌజర్‌ను 'నీ పేరేంటి?' అని అడిగి, ఎక్స్‌ప్లోరర్ కాకపోతే గుమ్మం దగ్గరే ఆపేసేవారు. దానికి విరుగుడుగా బ్రౌజర్లన్నీ మారుపేర్లు చెప్పడం నేర్చుకున్నాయి. ఈనాటి క్రోమ్‌ను పేరడిగినా, మొదటి మాటగా 'మొజిల్లా' అనే చెబుతుంది. అందుకే తెలిసినవాళ్లు పేరు అడగరు. 'నీకు ఈ పని వచ్చా?' అని అడుగుతారు. వస్తే చేయిస్తారు, రాకపోతే వేరే దారి చూపిస్తారు. పేరుకన్నా పని అడగడమే సగం మరమ్మతు.

ఇక అన్న ఫోన్‌లోని డబ్బాలు. ఇది అచ్చంగా మన తెలుగు గోడు.

ఈ మూడు ఊళ్ల పేర్లు పరిశీలనగా చూడండి. కోరుట్లలో ట్ల ఉంది. జగిత్యాలలో త్యా ఉంది. సిరిసిల్లలో ల్ల ఉంది. మూడింటికీ వత్తు తప్పలేదు. కంప్యూటర్ మాత్రం వత్తును వత్తుగా దాచుకోదు. 'కోరుట్ల' అన్న మాటను క, ఓత్వం, ర, కొమ్ము, ట, పొల్లు, ల అని ఏడు ముక్కలుగా పెట్టుకుంటుంది. వాటిని కలిపి, ల ను చిన్నది చేసి, ట కింద వత్తుగా కూర్చోబెట్టే పని తెరమీద చూపించే ముందు జరగాలి. ఆ పనిచేసే ప్రోగ్రామ్ లేకపోతే పొల్లు ఒకచోట, ల మరోచోట విడివిడిగా పడతాయి. తెలుగు ఫాంటే లేకపోతే డబ్బాలే గతి.

ఈ ముక్కలకు ప్రపంచమంతా ఒకే అంకెలుండాలని వచ్చిందే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. చోటు దొరకడం వేరు, ఇంట్లో దిగడం వేరు! 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల సైట్లు తలో సొంత ఫాంటుతో నడిచేవి. ఇంగ్లిష్ అక్షరాలుండే స్థానాల్లో తెలుగు ముక్కలు దూర్చిన ఫాంట్లవి. ఫాంటు దించుకుంటే తెలుగు, లేకపోతే అర్థంకాని గుర్తుల పోగు. పేజీతోపాటే ఫాంటు వచ్చే ఏర్పాటు ఒకటున్నా, మైక్రోసాఫ్ట్ పద్ధతి నెట్‌స్కేప్‌కు పడేది కాదు, నెట్‌స్కేప్ పద్ధతి మైక్రోసాఫ్ట్‌కు పడేది కాదు. పరాయిదేశంలో ఇంటర్నెట్ కేఫ్‌కు వెళ్లి గంటకింత కట్టి కూర్చునే మనిషికి అక్కడి కంప్యూటర్‌లో ఫాంటు వేసుకునే అనుమతి ఎవరిస్తారు? ఊరి వార్త ఎదురుగానే ఉంటుంది, చదవడానికి రాదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా సెట్టింగుల్లోకి వెళ్లి ఒక టిక్కు పెట్టి, అడిగితే విండోస్ సీడీ కూడా పెడితేగాని వత్తులు కుదురుకునేవి కావు. తిరుమల కృష్ణ దేశికాచారి తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు ఎందరికో ఆ రోజుల్లో ఆదుకున్నాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, ఫైర్‌ఫాక్స్ కోసం 'పద్మ' అనే చిన్న ఉపకరణం రాశారు. పత్రికల సొంత ఫాంట్ల రాతను అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. కంపెనీలు రాజీపడేదాకా ఆగకుండా, మధ్యలో ఒక మనిషి కూర్చుని తర్జుమా చేసినట్టు!

ఫోన్లు వచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు దొరికిన చిట్కా ఒపెరా మినీ. చిరునామా పట్టీలో 'ఒపెరా' అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, 'కాన్ఫిగ్' అని కొడితే ఒక రహస్యపు పేజీ తెరుచుకునేది. అందులో చిట్టచివర, క్లిష్టమైన లిపులను బొమ్మలుగా చూపించాలా అన్న ప్రశ్నకు 'ఎస్' అని పెడితే చాలు. ఆ కంపెనీ కంప్యూటర్లే తెలుగును బొమ్మలుగా గీసి ఫోన్‌కు పంపేవి. డేటా కాస్త ఎక్కువయ్యేది, మాటను కాపీ చేయడం కుదిరేది కాదు. అయితేనేం, వత్తులు వత్తుల్లా కనిపించేవి. ఈ చిట్కా ఒకరి నోటినుంచి ఒకరికి పాకింది.

ఇప్పుడు హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ కూర్పు పని చేస్తోంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీతోపాటే ఫాంటును పంపే పద్ధతి మీద కూడా బ్రౌజర్లన్నీ ఒక మాటకొచ్చాయి. అయినా ధీమా పనికిరాదు. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరంతో ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లు బెంబేలెత్తాయి. మామూలు జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి దాక్కున్న జ్ఞా. అది మెసేజ్‌లో వస్తే యాప్ కుప్పకూలేది. అదే నెల 19న ఆపిల్ 11.2.6 అనే సవరణ విడుదల చేసి గండం గట్టెక్కించింది. జ్ఞానానికి మొదటి అక్షరం అంత పని చేసింది మరి!

ఇక సిరిసిల్ల అక్కకు కనిపించని బటన్. సిరిసిల్ల అంటే నల్ల పరంధాములు గుర్తుకొస్తారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నేతన్న. ఫోన్ కూడా అగ్గిపెట్టె లాంటిదే. పెద్ద తెర కోసం నేసిన పేజీని అందులో మడిచిపెట్టాలి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ ఆ పేజీని కుదించి చూపించేది. అక్షరాలు చీమల బారులా కనిపించేవి. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్, తెరను బట్టి పేజీయే తన మడతలు మార్చుకోవాలని దారి చూపించాడు. ఇవాళ ఎక్కువ సైట్లు ఆ బాటలోనివే.

మరి బటన్ ఎటు పోయింది? ఫోన్‌లో 'తెర ఎత్తంతా' అని కొలత రాస్తే, చిరునామా పట్టీ ఆక్రమించిన జాగాను బ్రౌజర్ తీసేయదు. పట్టీ లేనట్టే కొలుస్తుంది. ఆ మేరకు పేజీ అడుగు కిందికి జారిపోతుంది. అడుగున ఉండేది సాధారణంగా పంపే బటనే! పట్టీని లెక్కలోకి తీసుకునే కొత్త కొలతలను 2022లో సఫారీ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ మూడూ నేర్చుకున్నాయి. అదే ఏడాది ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి కూర్చుని, ఒకే పరీక్షాపత్రం పెట్టుకుని ఎవరికెన్ని మార్కులో బయటపెట్టుకోవడం మొదలుపెట్టాయి. జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ రిటైరైంది. ఒకప్పుడు కత్తులు దూసుకున్నవాళ్లే మరి. ఇక మిగిలింది సైటు కట్టేవాళ్లు ఆ కొత్త కొలతలు వాడటం, బల్లమీద ఖరీదైన ఫోన్‌తోపాటు చవక ఫోన్ ఒకటి, పాతది ఒకటి పెట్టుకుని చూడటం.

తేదీకి మందు ఇంకా తేలిక. బ్రిటన్ ప్రభుత్వ సైట్లలో పుట్టినతేదీకి రోజు, నెల, సంవత్సరం అని పేరు రాసిన మూడు వేర్వేరు గడులుంటాయి. ఏ అంకె ఎక్కడో ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. పంపేముందు చూపించే పేజీలో నెలను అక్షరాల్లో రాస్తే ఇంకా మేలు.

చిన్నోడు చేసింది కూడా దాదాపు అదే. నెట్ సెంటర్ కుర్రాణ్ని అడిగి దరఖాస్తు మొత్తం పీడీఎఫ్ తీయించాడు. ఆ కాగితం మీద నెల పేరు అక్షరాల్లో వచ్చింది. ఫొటో తీసి బాపుకు పంపాడు.

"ఇప్పుడు సదువు బాపూ."

"ఐదు... ఆగస్టు... తొంభై ఎనిమిది. ఆ, గిదీ లెక్క! పాస్‌పోర్టు పక్కన పెట్టుకునే సూస్తున్న."

"అక్కా, పేజీని వేలుతోని కొంచెం మీదికి నూకు. మీది పట్టీ ముడుసుకుంటది."

"ఆగు... ఆ, వచ్చిందిరా! పచ్చగున్నది. నొక్కాల్నా?"

"వద్దక్కా! నొక్కకు. ఈడ నేను నొక్కుత."