డొరెమీని మన దగ్గర్నుంచి ఎవడూ ఎత్తుకెళ్ళలేదండీ!

ఆర్నెల్లకోసారి ఆ మెసేజి తప్పకుండా వస్తుంది. ఒకప్పుడు ఆఫీసు మెయిల్లో ఫార్వర్డయ్యేది, ఇప్పుడు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో. సారాంశం ఏంటంటే, మన సరిగమలని తెల్లవాడు కొట్టేసి డొరెమి చేసుకున్నాడట; పైగా వాళ్ళకి రాగం లేదట, ఉన్నదంతా కార్డ్సేనట. కోడ్ రివ్యూలో ఒక్క సెమికోలన్ తప్పినా వదలని మనవాళ్ళు దీన్ని మాత్రం కళ్ళు మూసుకుని ముందుకు తోసేస్తారు. హతవిధీ!

ఆ అక్షరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఊహించాల్సిన పనే లేదు. 11వ శతాబ్దం మొదట్లో ఇటలీలో అరెజ్జో ఊరి గ్విడో అనే సన్యాసి చర్చి పాటలు నేర్పేవాడు. సెయింట్ జాన్ మీద ఓ లాటిన్ స్తోత్రం వాడాడు. అందులో ఒక్కో పాదఖండం ముందుదానికంటే ఒక మెట్టు పైన మొదలవుతుంది. వాటి మొదటి అక్షరాలే ఉత్, రె, మి, ఫా, సోల్, లా. లెక్కపెట్టండి, ఆరే! మనది కాపీ కొట్టినవాడు ఆరింటితో ఎందుకాగాడు? (స్వరాలు ఏడూ వాళ్ళకి అప్పటికే ఉన్నాయి, ఏ నుంచి జీ దాకా పేర్లతో.) "సి" చేరడం, "ఉత్" పోయి "డో" రావడం వందల ఏళ్ళ తర్వాతి ముచ్చట. షడ్జమం, రిషభం నాట్యశాస్త్రంలోనే ఉన్నాయి, నిజమే. ముందు పుట్టడం వేరు, వాళ్ళకి మనమే ఇచ్చామనడం వేరు.

అసలు గ్విడో గొప్పదనం అక్షరాల్లో కంటే గీతల్లో ఉంది. అంతకుముందు మాటల మీద పెట్టే గుర్తులు చాలావరకు గొంతు పైకెళ్ళాలో కిందకో చెప్పేవి, ఎంత అనేది చెప్పేవి కావు. అంటే పాట ముందే వచ్చినవాడికే పనికొచ్చేవి. మన ప్రాజెక్టు డాక్యుమెంట్లలాగే అన్నమాట. పదేళ్ళు బట్టీ పట్టినా పాటకులకి సరిగ్గా రావట్లేదని గ్విడో విసుక్కున్నాడు. గీతల మీదా, మధ్యా స్వరాలు పెట్టి, ఎఫ్ గీతకి ఎరుపు, సి గీతకి పసుపు రంగు వేశాడు. ఎన్నడూ వినని పాటని చూసి పాడేయొచ్చు! 19వ జాన్ పోపు పిలిపించుకుని, తనే ఒక చరణం పాడి చూసుకున్నాడు.

ఇక రాగం లేదన్న ముక్క. గ్రెగోరియన్ చాంట్‌లో కార్డ్సే లేవు మహాప్రభో, అంతా ఒకే వరస. డోరియన్, ఫ్రిజియన్, లిడియన్, మిక్సోలిడియన్, ఒక్కోటి రెండు రకాలుగా మొత్తం ఎనిమిది మోడ్‌లు. ప్రతిదానికీ ముగిసే స్వరం ఒకటి, ఎక్కువగా నిలిచే స్వరం ఒకటి. మన న్యాసం, అంశ గుర్తు రావట్లేదూ? రెండు గొంతులు కలిపే ఆర్గానమ్ గురించి 9వ శతాబ్దపు గ్రంథాల్లో ఉంది. కార్డుని మూలంగా పెట్టి రామో తన సిద్ధాంతం అచ్చువేసింది 1722లో. మధ్యలో ఎనిమిది వందల ఏళ్ళు ఏం వాయించారనుకుంటున్నారు?

రెండో రకం మేధావులూ ఉన్నారు. "డోరియన్ అంటే ఖరహరప్రియే, ఫ్రిజియన్ అంటే తోడే, రెండూ ఒకటే" అంటారు. మెట్లు ఒకటే, ఒప్పుకున్నాం. కీబోర్డు మీద డి నుంచి డి దాకా తెల్లమెట్లు వరసగా నొక్కి, ఖరహరప్రియ వాయించానని మీ పిల్లల పాటల టీచరుగారితో అనండి. గమకమేదిరా అని ఆవిడ పెట్టే మొట్టికాయకి నా పూచీ లేదు.