కలిసి చదువుట, చూచి వ్రాయుట

పరీక్షలకు ముందు విద్యార్థులు నలుగురు చేరి, ఒకరికి తెలియని లెక్కను మఱియొకరు విప్పి చెప్పుకొనుట మన పాఠశాలలో నిత్యము చూచుచున్నదే. దానిని ఉపాధ్యాయు లెవ్వరును వారింపరు. పరీక్షనాడు ప్రక్కవాని కాగితమును చూచి వ్రాయుట మాత్రము దోషము. ఈ భేదము దేశముల కేంద్ర బ్యాంకులకును వర్తించునని నా యభిప్రాయము.

కేంద్ర బ్యాంకనగా నేమి? దేశమున చెలామణి యగు నోట్లను విడుదల చేయుచు, వడ్డీరేటునకు దారి చూపుచు, ఆపత్కాలమున తక్కిన బ్యాంకులకు అప్పిచ్చి ఆదుకొను సంస్థ. మన రిజర్వు బ్యాంకు 1935వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన పని ప్రారంభించినది. ఏ దేశపు బ్యాంకు ఆ దేశమును చూచుకొనిన చాలదా, ఒకరి యనుభవమును మఱియొకరికి చెప్పుకొన నేల యని కొంద రడుగవచ్చును. దీనికి 1974వ సంవత్సరమే ప్రత్యుత్తరము.

ఆ సంవత్సరము జూన్ 26వ తేదీన జర్మనీలోని కొలోన్ నగరమున హెర్‌స్టాట్ అను బ్యాంకును, ఆనాటి వ్యాపారము ముగిసినంతనే అధికారులు మూయించిరి. అప్పటికి న్యూయార్కులో ఇంకను ఉదయమే. ఆ బ్యాంకునకు జర్మనీలో మార్కులు చెల్లించి, న్యూయార్కులో డాలర్లు పుచ్చుకొనవలసిన యితర బ్యాంకులు సొమ్ము రాక నష్టపడినవి. ఒక్క దేశపు గడియారమును చూచి చేసిన పని సముద్రమున కావలివారిని బాధించినది. ఆ సంవత్సరాంతముననే పది దేశముల కూటమికి చెందిన కేంద్ర బ్యాంకుల గవర్నర్లు బ్యాంకుల పర్యవేక్షణకై యొక సంఘమును స్థాపించిరి. అది స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున, 1930లో నెలకొన్న అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకులో సమావేశమగుచున్నది. బ్యాంకులు తమ యప్పులను అపాయమును బట్టి తూచి, నూటికి కనీసము 8 వంతున మూలధనము నుంచుకొనవలెనని ఆ సంఘము 1988లో నిర్ణయించినది. దాని మాటకు శాసనబలము లేదు; ఆయా దేశములు తమ నియమముగా జేసికొన్నప్పుడే అది చెల్లును.

అయినను, కలిసి చదివినంత మాత్రమున తప్పు దొరలదని తలంపరాదు. అందఱును ఒకే తప్పును నేర్చుకొనవచ్చును గదా! 2008లో, బాసెల్ నియమములను పాటించిన దేశములలోనే గొప్ప బ్యాంకులు కొన్ని ప్రభుత్వముల సాయము లేక నిలువజాలకపోయినవి. అంతకు ముందే మన రిజర్వు బ్యాంకు, తెలుగువారగు శ్రీ యాగా వేణుగోపాలరెడ్డిగారు గవర్నరుగా నున్న కాలమున, వాణిజ్య భవనములపై నిచ్చు అప్పుల అపాయపు తూనికను 2005, 2006 సంవత్సరములలో నూటినుండి నూటయేబదికి పెంచినది. అనగా అట్టి అప్పులకు బ్యాంకులు మఱింత మూలధనమును చూపవలసి వచ్చినది. పరుల పాఠమును వినియు, జవాబును తన బుద్ధితో వ్రాయుట యిదియే.

కలిసికట్టు వ్యర్థమని నేననను. 2008 అక్టోబరు 8వ తేదీన అమెరికా, ఇంగ్లండు, ఐరోపా మొదలగు ఆరు కేంద్ర బ్యాంకులు ఒక్కనాడే వడ్డీరేట్లను తగ్గించినవి. ఒకరి నొకరు ముందే యెఱిగి యుండనిచో అది సాధ్యమగునా?

పంట అమ్మి బ్యాంకులో దాచుకొను మన తల్లిదండ్రులకు బాసెల్ పేరు తెలియకపోవచ్చును. అచ్చటి తప్పొప్పుల ఫలము మాత్రము వారి కష్టార్జితమును తాకును. కావున విద్యార్థులారా, పదిమందితో చేరి నేర్చుకొనుడు. సమాధానము వ్రాయునపుడు మాత్రము మీ కాగితమునే చూడుడు.