పూజ్యకథయు, పరిహాసమును

ఏటేట డిసెంబరు మాసము వచ్చునప్పటికి అమెరికా, ఇంగ్లాండు దేశములలోని నాటకశాలలు పెక్కు ఒకే కథను ఆడుచుండును. అది చార్లెస్ డికెన్సు 1843 డిసెంబరు 19వ తేదీని ప్రకటించిన ‘క్రిస్మస్ కేరల్’ అను చిన్న పుస్తకము. ఆ కథనే తలక్రిందులు చేసి, మొగమాటము లేని హాస్యముతో వికటముగా ఆడుట అమెరికాలోని ఔత్సాహిక నాటకసమాజములకు ఇటీవల నొక వాడుకయైనది. పండుగనాడు పిల్లలతో కూర్చుండి చూడదగిన కథను ఇట్లు అపహాస్యము పాలుచేయ వచ్చునా యని అడుగువారు కలరు. నవ్వుటకు కూడ ఒకరి యనుమతి కావలయునా యని ఎదురు ప్రశ్న వేయువారును కలరు. ఈ వివాదము దూరదేశమునకు సంబంధించినదే యైనను, నాటకమును ప్రేమించు ప్రతిజాతికిని ఈ ప్రశ్న ఎన్నడో ఒకనాడు ఎదురుకాక తప్పదు.

కథ సంగ్రహముగా నిది. స్క్రూజు లండను నగరమున ధనము కూడబెట్టిన లోభి. వాని గుమాస్తా బాబ్ క్రాచిట్టు. వారమునకు 15 షిల్లింగులు జీతము; ఇంటినిండ పిల్లలు; వారిలో టిమ్ అను చిన్నవాడు ఊతకఱ్ఱతో నడచు అవిటివాడు. క్రిస్మస్ ముందునాటి రాత్రి, చనిపోయిన భాగస్వామి ప్రేతరూపమున వచ్చి స్క్రూజును హెచ్చరించును. పిదప మూడు భూతములు ఒకదాని వెనుక నొకటి వచ్చి గడచినదానిని, నడచుచున్నదానిని, రాబోవుదానిని చూపి వాని గుండె కరగించును. తెల్లవారగనే అతడు గుమాస్తా యింటికి పెద్ద టర్కీకోడిని పంపును, జీతము పెంచును, తక్కిన జీవితమంతయు మంచివాడై మెలగును.

ఇది పిల్లల పొద్దుపుచ్చుటకై అల్లిన కథ కాదు. 1834 సంవత్సరపు పేదల చట్టము ఇంగ్లాండులోని దిక్కులేనివారిని జైళ్లవంటి పనియిండ్లలోనికి తోయుచుండిన దినములవి. డికెన్సు తండ్రి అప్పులపాలై 1824లో లండనులోని మార్షల్సీ చెరసాలలో నుండగా, పండ్రెండేండ్ల బాలుడైన డికెన్సు బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు కార్ఖానాలో కూలిపని చేసెను. ఆ బాధ అతనిని జీవితాంతము విడువలేదు. పేదలకై చందా అడుగ వచ్చినవారితో, దేశములో చెరసాలలును పనియిండ్లును ఇంకను నడచుచున్నవి కదా యని స్క్రూజు పలికిన కఠినోక్తి ఆనాటి చట్టకర్తల మొగముపై కొట్టిన దెబ్బ. అజ్ఞానము, దారిద్ర్యము అను ఇద్దరు బక్కచిక్కిన పిల్లలను భూతముచేత చూపించుట కూడ అందులకే.

అట్టి కథ కాలక్రమమున మెత్తబడిపోయినది. మిన్నియాపోలిసులోని గత్రీ నాటకశాల 1975 నుండియు, చికాగోలోని గుడ్‌మన్ నాటకశాల 1978 నుండియు దీనిని వార్షికోత్సవమువలె ఆడుచు వచ్చినవి. ఏడాది పొడవున జరుగు తక్కిన నాటకముల నష్టమును ఈ యొక్క నాటకపు టిక్కెట్ల రాబడి పూడ్చునట్టి శాలలు అమెరికాలో లేకపోలేదు. 1991లో సియాటిల్ రెపర్టరీ నాటకశాలవారు తొలిసారి ఆడిన ‘ఇన్‌స్పెక్టింగ్ కేరల్’ అను ప్రహసనము ఈ దైన్యమునే బయటపెట్టినది. అందులో ఏటేట ఈ కథనే ఆడుకొనుచు దివాలాకు చేరువైన సమాజమొకటి, వేషము కొఱకు వచ్చిన అమాయకుని సర్కారు సొమ్ము మంజూరుచేయు తనిఖీదారు డనుకొని పడు అగచాట్లు చూచి ప్రేక్షకులు పగలబడి నవ్వుదురు. లోభిని మందలింప పుట్టిన కథ తుదకు గల్లాపెట్టె నింపు సాధనమైనది. కడుపునిండినవారు టిమ్ కొఱకు రెండు కన్నీటిబొట్లు రాల్చి, తమ వాకిట నిలిచిన పేదవానిని చూడకయే ఇంటికి పోవుచున్నారు. ఇట్టి స్థితిలో కథకు అవమానము చేయుచున్నది పరిహాసకుడా, పరవశించు ప్రేక్షకుడా?

క్రిస్టఫర్ డ్యూరాంగ్ వ్రాసిన ‘మిసెస్ బాబ్ క్రాచిట్స్ వైల్డ్ క్రిస్మస్ బింజ్’ అను ప్రహసనమును చూడుడు. ఇది 2002లో పిట్స్‌బర్గ్ నగరమందలి సిటీ థియేటరులో తొలిసారి ప్రదర్శింపబడినది. అటుపిమ్మట అనేక ఔత్సాహిక సమాజములు దీనిని చేపట్టినవి. ఇందులో మూడు భూతముల పనిని ఒక్కతెయే చేయును. దారితప్పి, స్క్రూజును పోవలసిన చోటికి గాక వేరొకచోటికి తీసికొనిపోవుచుండును. గుమాస్తా భార్య ఓర్పు నశించి, పిల్లలను వదలి, సారాయంగడికి పోయి, నదిలో దూకుదు ననును. ఆమె చూడగోరునది దయామయమైన ముగింపు కాదు. ఈ దరిద్రమునకు ముగింపు.

ఇది డికెన్సునకు ద్రోహమని కొందరందురు. మూలమును జాగ్రత్తగా చదివినవారు అట్లనరు. పండుగ విందున బాబ్ తన యజమాని క్షేమము కోరి పాత్ర యెత్తినపుడు, అతని భార్య కోపముతో ఆ లోభిని దూషించుట డికెన్సు పుస్తకముననే కలదు. భర్త బ్రతిమాలిన పిమ్మటనే ఆమె ఒప్పుకొనును. డ్యూరాంగ్ ఆ కోపమును పట్టుకొని పెద్దది చేసెను. అంతేకాక, స్క్రూజు మేనల్లుని యింట అతిథులు స్క్రూజును ఒక జంతువుగా పోల్చి, పొడుపుకథ యాట యాడి నవ్వుకొనుటయు, అదృశ్యుడై నిలిచిన స్క్రూజు దానిని విని సంతోషించుటయు మూలకథలోనివే. గర్విష్ఠుడు తన్నుగూర్చిన పరిహాసమును సహించుట వాని మార్పునకు ఒక మెట్టని డికెన్సు ఎఱుగును. అతడు స్వయముగా ఔత్సాహిక నటుడు. 1845లో మిత్రులను కూర్చి బెన్ జాన్సన్ నాటకమును ఆడించి, తానును వేషము కట్టెను. 1844లో అతడు న్యాయస్థానమున కీడ్చినది తన కథను కాపీకొట్టి అమ్ముకొన్న ప్రకటనకర్తలను. చౌర్యము వేరు, ప్రత్యుత్తరము వేరు.

మన ప్రాచీనులకును ఈ భేదము తెలియును. ఏడవ శతాబ్దిలో పల్లవరాజు మహేంద్రవర్మ ‘మత్తవిలాస ప్రహసనము’ రచించి కాపాలికుని, బౌద్ధభిక్షువును, పాశుపతుని ఒకే రంగమున నవ్వులపాలు చేసెను. మన తోలుబొమ్మలాటలో రామాయణము నడచుచుండగనే కేతిగాడును బంగారక్కయు నడుమ దూరి మోటు హాస్యము లాడుదురు. దానివలన పల్లెవారికి శ్రీరామునియెడల భక్తి తగ్గలేదు. ఇక క్రైస్తవసోదరుల మనోభావముల మాట. డికెన్సు కథ క్రీస్తు జన్మవృత్తాంతము కాదు; పండుగ నేపథ్యముగా గల లౌకికగాథ. దానిని పరిహసించుట మతమును పరిహసించుట యని భ్రమపడరాదు.

ఇట్టి ప్రదర్శనములను సర్కారు ఆపవలెనని కోరుట మరింత ప్రమాదకరము. ఇంగ్లాండులో 1737 నుండి 1968 వరకు నాటకములు లార్డ్ ఛాంబర్లేను అనుమతి పొందిన గాని రంగ మెక్కలేదు. మనదేశమున జరిగినది అంతకంటె చేదైనది. 1876లో కలకత్తాలోని గ్రేట్ నేషనల్ థియేటరువారు, వేల్సు యువరాజునకు తన యంతఃపురస్త్రీలచేత స్వాగత మిప్పించిన యొక వకీలును ఎగతాళి చేయుచు ప్రహసన మాడిరి. ఆ నవ్వును ఆపుటకు ప్రభుత్వము మొదట ఆజ్ఞాపత్రమును, ఆ యేటనే నాటకప్రదర్శనముల చట్టమును తెచ్చెను. ఆ చట్టము ఒక్క ప్రహసనముతో ఆగక, దేశభక్తి గల నాటకముల గొంతు నులుముటకు ఆయుధమైనది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ చిరకాలము నిలిచి, 2018లో గాని కేంద్రశాసనములనుండి తొలగలేదు. అభిరుచి పేర అడిగిన నిషేధము అధికారము చేత పడిన పిమ్మట ఎవరిపై విరుచుకొనిపడునో చెప్పజాలము.

అట్లని ప్రతి వెకిలిచేష్టకును మేము వత్తాసు పలుకువారము కాము. పరిహాసమునకు పరీక్ష యొక్కటే: నవ్వు ఎవరిమీద పడుచున్నది? స్క్రూజు పిసినారితనముమీదను, ప్రేక్షకుల చౌకబారు కన్నీటిమీదను పడినచో అది మందు. అవిటిబాలుని ఊతకఱ్ఱమీద, పేదయింటి ఖాళీకంచముమీద పడినచో అది క్రౌర్యము. డ్యూరాంగ్ నాటకమునే చేతగానివా డాడించిన, గుమాస్తా భార్య ఆవేదన మాయమై తాగుబోతు కూతలు మాత్రమే మిగులును. కావున ఈ బాధ్యత చట్టముపై గాక ఆడువారిపై నుండవలెను.

ఔత్సాహిక సమాజమునకు ఈ బాధ్యత మరింత హెచ్చు. నగరములలోని వృత్తినటుడు తన్నెఱుగనివారి యెదుట ఆడును. చిన్నపట్టణపు సమాజములో వేషము వేయువాడు బడిపంతులో, దుకాణదారో, బ్యాంకు గుమాస్తాయో. చూచువారు వాని ఇరుగుపొరుగువారు. ఆ యూరిలో కూలి ఎగవేయువా డెవడో, అప్పు తీర్పలేక నలుగువా డెవడో అందఱికిని తెలియును. అట్టిచోట ఆడిన హాస్యము గుఱి తప్పదు. కాబట్టియే గుఱి ఎన్నుకొనుటలో ధైర్యము కావలెను. బలవంతుని విడిచి బలహీనుని నవ్వులపాలుచేయుట ఏ యూరనైనను సులభమే.

మరియొక మాట. డికెన్సు పుస్తకము వెల 5 షిల్లింగులు. బాబ్ క్రాచిట్టు వారపు జీతములో మూడవవంతు. ఎవరి బాధను వర్ణించెనో వారే దానిని కొనజాలకపోయిరి. ఈ లోపమును కొంతవరకైన సవరింపదలచి కాబోలు, డికెన్సు 1853 డిసెంబరులో బర్మింగ్‌హామున తన కథను బహిరంగముగా చదివినపుడు, ఒకనాటి సభను తక్కువ రుసుముతో కార్మికుల కొఱకు ప్రత్యేకించెను. నేటి నాటకసమాజములు, మూలమునే ఆడినను, దాని వికటమునే ఆడినను, ఈ సంప్రదాయమును పాటింపవలెనని మా కోరిక. క్రాచిట్టువంటివారు కూడ సభలో కూర్చుండి నవ్వగలిగినచో ఆ హాస్యము ధర్మబద్ధమైనదో కాదో వారే తేల్తురు. ఆ తీర్పునకు మించిన అనుమతిపత్రము నాటకమునకు అక్కఱలేదని మా యభిప్రాయము.