వేస్ట్ కోసం షాపుకు వెళ్లాలా?



'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్' పోటీ అనగానే మీలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది స్టేషనరీ షాపే అనుకుంటాను. అక్కడ ఐస్‌క్రీమ్ పుల్లలు ప్యాకెట్ల లెక్కన దొరుకుతాయి. ఎవరూ ఐస్‌క్రీమ్ తినకుండానే పుల్లలు ఇంటికి వచ్చేస్తాయి. వాటికి తోడు కొత్త పేపర్ కప్పులు, గ్లిట్టర్ షీట్లు, గ్లూ గన్. రాత్రి పదకొండింటి దాకా అమ్మ అతికిస్తే నాన్న ఫ్యాన్ కింద ఆరబెడతారు. పాప మాత్రం నిద్రపోతుంది. పొద్దున బడికి వచ్చే పెన్ స్టాండ్ చాలా బాగుంటుంది. కానీ అందులో వేస్ట్ ఎక్కడుందో వెతకాలి. వారం తర్వాత మాత్రం అదే చెత్తబుట్టలో కనబడుతుంది.

రీసైక్లింగ్‌ను పిల్లలకు పోటీగా కాకుండా అలవాటుగా నేర్పాలన్నది నా అభిప్రాయం. అందుకు ఏమీ కొననక్కర్లేదు. కావలసినదంతా వాళ్ల బ్యాగుల్లోనే ఉంది.

నోట్‌బుక్కుల సంగతే చూడండి. ఒక సెక్షన్‌లో 40 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 8 నోట్‌బుక్కులు. ఏడాది చివర ఒక్కో దాంట్లో 30 పేజీలు మిగిలాయనుకుందాం. మొత్తం 9,600 ఖాళీ పేజీలు. అంటే 200 పేజీల కొత్త నోట్‌బుక్కులు 48. మీరు డబ్బు పెట్టి కొన్న ఈ తెల్లకాగితం, రాసిన కాగితంతో కలిసి తూకానికి వెళ్లిపోతుంది. జూన్‌లో మళ్లీ కొత్త రఫ్ నోట్ కొంటాం.

మన పెద్దలకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పరీక్షలు అవగానే మిగిలిన కాగితాలు చించి, వరుసగా పేర్చి, దబ్బనంతో పురికొస కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి రఫ్ బుక్ చేసేవారు. మీలో కొందరు అలాంటి పుస్తకాల్లోనే లెక్కలు చేసి ఉంటారు. దాన్ని అప్పుడు రీసైక్లింగ్ అనేవారు కాదు, పొదుపు అనేవారు.

నిజానికి కాగితాన్ని మిల్లుకు పంపి మళ్లీ కాగితంగా చేయించడం మంచిదే గానీ, అది చివర చేయాల్సిన పని. గుజ్జు చేయడానికి నీళ్లు, కరెంటు ఖర్చవుతాయి. గుజ్జు చేసిన ప్రతిసారీ కాగితంలోని నార పొట్టిదవుతుంది కాబట్టి, కొన్ని విడతల తర్వాత అది పనికిరాదు. పైగా మనం నోట్‌బుక్‌కు వేసే ప్లాస్టిక్ అట్ట, చార్టుకు చేయించే లామినేషన్, అతికించే గ్లిట్టర్ ఆ పనిని ఇంకా కష్టం చేస్తాయి. ఖాళీ పేజీని పూర్తిగా రాసేయడమే అన్నిటికన్నా తేలికైన మార్గం.

ఇక పెన్నులు. బాల్ పెన్ను చూడటానికి చిన్నదే. కానీ బాడీ ప్లాస్టిక్, మొన సాధారణంగా ఇత్తడి, అందులో తిరిగే గుండు టంగ్‌స్టన్ కార్బైడ్. ఇంత చిన్న వస్తువులో వీటిని విడదీసి రీసైకిల్ చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే పాత సామాన్ల బండివాళ్లు కూడా పెన్నులు తీసుకోరు. రీఫిల్ మార్చుకునే పెన్ను, ఇంకు పోసుకునే పెన్ను ఇస్తే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. మన రాజమండ్రిలో 1932 నుంచి తయారవుతున్న రత్నం పెన్నులు ఇంకు పోసి ఏళ్ల తరబడి వాడుకునేవే.

ప్రాజెక్టుల్లో థర్మాకోల్ గురించి కూడా ఒక మాట. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పర్యావరణం మీద ప్రాజెక్టును థర్మాకోల్ షీటు మీద తయారుచేస్తే, పిల్లలకు మనం చెబుతున్నది ఏమిటి? పాత అట్టపెట్టె చాలు. బి.ఎడ్.లో బోధనోపకరణాలంటే 'లో కాస్ట్, నో కాస్ట్' అని మాకు నేర్పారు. పిల్లల ప్రాజెక్టులకూ అదే కొలత పెట్టాలి. మార్కులు మెరుపుకు కాకుండా ఆలోచనకు పడాలి. ఈ బాధ్యత టీచర్లది.

"ఇంత ఫీజు కడుతున్నాం, మా పిల్లాడు పాత కాగితాల మీద రాయాలా?" అని మీకు అనిపించవచ్చు. నలుగురిలో తక్కువవుతాడేమోనన్న భయం కూడా సహజమే. అయితే కొనగలిగిన ఇంటి పిల్లలకే ఈ అలవాటు ఎక్కువ అవసరం. కొనలేని ఇంట్లో పొదుపు దానంతటదే వస్తుంది. కొనగలిగిన ఇంట్లో ఎవరో ఒకరు నేర్పాలి. సగం అయిన పెన్సిల్‌ను సిగ్గుపడి దాచేసే పిల్ల, రేపు పెద్దయ్యాక పనిచేస్తున్న ఫోన్‌ను కూడా అలాగే పక్కన పెడుతుంది. క్లాసులో అందరూ కుట్టిన రఫ్ బుక్ తెస్తే, అందులో ఎవరికీ చిన్నతనం ఉండదు.

అందుకే మూడు సూచనలు. ఏప్రిల్‌లో సెలవులకు ముందు ప్రతి సెక్షన్‌లో ఒక పీరియడ్ పెట్టి, ఖాళీ పేజీలు వేరు చేసి పిల్లల చేతనే రఫ్ బుక్కులు తయారు చేయిద్దాం. చిన్న తరగతుల్లో కుట్టే పని పెద్దవాళ్లం చూసుకుందాం. క్లాసులో ఒక డబ్బా పెట్టి స్కేళ్లు, సగం పెన్సిళ్లు, రబ్బర్లు అందులో వేస్తే, మర్చిపోయి వచ్చినవాళ్లు వాడుకుంటారు. మూడోది యాజమాన్యానికి నా విన్నపం: వచ్చే ఏడాది బుక్ లిస్టులో రఫ్ నోట్ ఎదురుగా 'ఇంట్లో కుట్టినదైనా సరే' అన్న మాట చేర్చండి.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మీ అభిప్రాయం చెప్పండి. ఒప్పుకోకపోయినా చెప్పండి, మాట్లాడుకుందాం. ఇంట్లో దబ్బనం ఉంటే మాత్రం వెంట తీసుకురండి. ఈమధ్య షాపుల్లో దొరకడం లేదు.

— ఇంగ్లిష్ టీచర్, ఐదో తరగతి