పగ్గం పట్టినోడిదే భారం

"ఎద్దు పుండు కాకికి ముద్దు" అని సామెత. కాడి ఒరిసి ఎద్దు మెడ మీద పుండు పడితే, కాకికి అది విందు. ఎద్దు నొప్పి కాకికి పట్టదు. కాకిని అనడానికేం లేదు, దాని ఆకలి దానిది. మరి ఆ పుండు కళ్లారా చూసి కూడా మళ్లీ కాడి ఎత్తినోడి సంగతేంది? వాడు కాకి కన్నా ఎక్కువా, తక్కువా?

ఈ వారం మాట్లాడుకునేది పందెం ఎడ్ల గురించి, బరాత్ గుర్రాల గురించి, వాటి పగ్గాలు పట్టే మనుషుల గురించి. మాఘం వచ్చిందంటే మన దిక్కు జాతర్లు మొదలు. దాని వెనకాలే ఎండలు, ఎండలతో పాటే పెళ్లి ముహూర్తాలు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పండుగకో జాతరకో ఎడ్ల బండ్ల పందేలు పెట్టుకునే ఊళ్లు ఉన్నాయి. టౌన్లలోనేమో డీజే ముందు గుర్రం, బగ్గీ లేకపోతే పెళ్లికొడుకుకు చిన్నతనం అయిపోయింది. ఈ సందడి మొత్తంలో "చాలు, ఇక ఆపు" అని నోరు తెరిచి చెప్పలేనిది ఒక్క పశువే.

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. ఎందుకంటే ఈ "చాలు" అనే మాట ఎవరు చెప్పాలో లోకం అంతా చూస్తుండగా తేల్చుకోవాల్సి వచ్చిన ఆట ఒకటి ఉంది. దాని పేరు ఈవెంటింగ్. ఒకే గుర్రం, ఒకే రౌతు, మూడు పరీక్షలు. మొదట డ్రెసాజ్, అంటే రౌతు సైగలకు గుర్రం ఎంత ఒద్దికగా నడుస్తుందో చూస్తారు. ఆ తర్వాత క్రాస్‌కంట్రీ, అంటే చెట్ల మధ్య, నీటి గుంటల మీదుగా, కదలని మొద్దులు దూకుతూ కిలోమీటర్ల కొద్దీ పరుగు. చివరికి మైదానంలో కర్రలు దాటే జంపింగ్. సైన్యంలో అశ్వదళాన్ని పరీక్షించడానికి పుట్టిన ఈ ఆట 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. మనకు కొత్తదేం కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ ఇందులోనే బంగారు పతకం తెచ్చాడు. 2018 జకార్తాలో బెంగళూరు కుర్రాడు ఫౌవాద్ మీర్జా రజతం గెలిచాడు.

అదే మీర్జా 2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీలో పరుగు తీశాడు, చివరికి 23వ స్థానంలో నిలిచాడు. అదే రోజు అదే దారిలో స్విట్జర్లాండ్ రౌతు రాబిన్ గోడెల్ ఎక్కిన జెట్ సెట్ అనే పద్నాలుగేళ్ల గుర్రం ఒక అడ్డంకి దూకి దిగాక కుంటడం మొదలుపెట్టింది. కుడికాలి కింది భాగంలో లిగమెంటు తెగింది. ఇక నయం కాదని తేల్చి, బాధ పడకుండా దాన్ని నిద్రపుచ్చారు. అంత పెద్ద వేదిక, అంతమంది పశువైద్యులు, అన్ని నియమాలు ఉన్నచోటే ఇట్లా జరిగింది. ఏ నియమమూ లేని చోట ఎట్లుంటదో మీరే ఆలోచించండి.

ఐదు రోజుల తర్వాత, ఆగస్టు 6న అదే టోక్యోలో ఇంకోటి జరిగింది. ఆధునిక పెంటథ్లాన్ అనే ఆటలో అప్పట్లో క్రీడాకారులకు ముక్కూమొహం తెలియని గుర్రాన్ని చీటీ తీసి ఇచ్చేవాళ్లు. దానితో పరిచయం చేసుకోవడానికి ఇరవై నిమిషాలు. అప్పటిదాకా ముందంజలో ఉన్న జర్మనీ అమ్మాయి ఆనికా ష్లాయ్‌కి సెయింట్ బాయ్ అనే గుర్రం దక్కింది. అది దూకనంటే దూకనన్నది. ఆమె ఏడుస్తూనే కొరడా ఝళిపించింది. బయట నుంచి ఆమె కోచ్ గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. లోకం మొత్తం టీవీల్లో చూసింది. కోచ్‌ను ఆ ఒలింపిక్స్ నుంచే పంపేశారు. అంతటితో అయిపోలేదు. 2024 పారిస్ తర్వాత పెంటథ్లాన్‌లో గుర్రపు స్వారీయే లేకుండా పోయింది. వందేళ్లకు పైగా ఉన్న ఆట ఆ ఒక్క వీడియో తర్వాత గుర్రాన్ని వదులుకుంది.

ఇందులో మన పందెం కమిటీలు గమనించాల్సింది ఉంది. గుర్రపు ఆటలు మానేయండని బయటినుంచి ఎన్ని ఉద్యమాలు వచ్చినా ఊడని కుర్చీ, లోపలివాళ్ల మొరటుతనంతో ఊడింది. ఆట మీద ప్రేమ ఉన్నోడు ముందు జంతువును కాపాడుకోవాలి. లేదంటే రెండూ పోతాయి.

ఈవెంటింగ్ వాళ్లు ఈ సంగతి దెబ్బలు తిని నేర్చుకున్నారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో గుర్రం తడబడి మీద పడటంతో కొరియా రౌతు కిమ్ హ్యుంగ్-చిల్ ప్రాణమే పోయింది. గుర్రం పడితే మనిషీ బతకడని అర్థం చేసుకున్న ఆట అది. అందుకే గుర్రం కింద పడిందా, ఆ జంట అక్కడికక్కడే పోటీ నుంచి అవుట్. అలిసిపోయిన గుర్రాన్ని ఇంకా తోలితే దాన్ని ప్రమాదకరమైన స్వారీగా లెక్కగట్టి రౌతుకు శిక్ష వేస్తారు. కొరడాతో కోపం తీర్చుకోకూడదు. ఒక సందర్భంలో రెండు దెబ్బలు దాటకూడదు. క్రాస్‌కంట్రీ మర్నాడు పొద్దున పశువైద్యుల ముందు గుర్రాన్ని నడిపించి చూపాలి. కుంటితే చివరి పరీక్షకు రానివ్వరు, ముందు రోజు మొదటి స్థానంలో ఉన్నా సరే.

ఇన్ని నియమాల్లోనూ ఉన్నది ఒకటే మాట. గుర్రం మాట్లాడలేదు కాబట్టి దాని తరఫున మాట్లాడే బాధ్యత వీపు మీద కూచున్నోడిదే. యజమానిది కాదు, చూసేవాళ్లది కాదు, అదృష్టానిదీ కాదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఈ మాట మనకు కొత్తదా? కాదు. ఆదిలాబాద్ దిక్కు శ్రావణ అమావాస్య నాడు పొలాల పండుగ చేస్తారు. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మీద జూలు కప్పి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి, నైవేద్యం పెట్టి మొక్కుతారు. ఆ రోజు కాడి ముట్టరు. పని చేసి పెట్టిన పశువుకు ఏడాదికి ఒక్కరోజైనా దండం పెట్టాలన్న ఇంగితం అది.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు ఎడ్ల బండ్ల మీద వస్తారు. మేడారానికి కూడా ఒకప్పుడు కరీంనగర్ పల్లెల నుంచి రోజుల తరబడి బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. అవి చలి తగ్గీ తగ్గని రోజులు. తెల్లారుజామున కదిలి, ఎండ ముదిరేసరికి చెట్టుకింద కాడి దించి, వాగు కాడ నీళ్లు తాపి, గడ్డి వేసి, చల్లబడ్డాక మళ్లీ కట్టేవాళ్లు. ఎవరూ నియమావళి అచ్చు వేయలేదు. ఎద్దు కూలబడితే బండెడు సంసారం నడి అడవిలో ఆగిపోతుందని అందరికీ ఎరుకే.

పందెంలో ఆ భయం లేదు. అక్కడ ఉన్నది నిమిషాల పని, చుట్టూ ఈలలు, చేతిలో కర్ర. పందెంగాళ్లు ఎడ్లను ప్రేమించరని కాదు. కన్నబిడ్డలకు పెట్టనిది కూడా ఎడ్లకు పెట్టేవాళ్లున్నారు. ట్రాక్టర్లు వచ్చాక కోడెను సాకడానికి మిగిలిన కారణాల్లో పందెం ఒకటి, అదీ లేకపోతే మంచి జాతి ఎడ్లే కానరాకుండా పోతాయన్న వాదనలోనూ నిజం ఉంది. కానీ ఏడాది పొడుగునా చూపించిన ప్రేమకు అసలు పరీక్ష ఆఖరి వంద గజాల్లో ఉంటది. ఎద్దు వెనకబడింది, పక్క బండి ముందుకు పోతున్నది. అప్పుడు చెయ్యి ఎటు పోతది? పగ్గం మీదికా, ముల్లుగర్ర మీదికా?

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్ల బండ్ల పందేలను కూడా నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాన్ని సవరించుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. అందుకే పెన్‌గంగ అవతల విదర్భలో శంకర్‌పట్ పందేలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మూడు రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. అవతలి ఒడ్డున చూసి ఇవతల బ్యానర్ కట్టే ముందు కమిటీలు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

పందెం సంగతి పక్కన పెట్టినా, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్ సూటిగా ఉంది. పశువు ఎవరి సంరక్షణలో, ఎవరి చేతిలో ఉంటే దాని బాగోగులు చూసే విధి వాళ్లదే. పుండు పడ్డ పశువుతో, వయసు ఉడిగిన పశువుతో పని చేయించడం నేరం. 1965 నాటి నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. బండి లాగే పశువుతో రోజుకు తొమ్మిది గంటలు మించి, విరామం లేకుండా ఐదు గంటలు మించి పని చేయించొద్దు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టొద్దు. ముల్లుగర్ర అసలే వాడొద్దు. రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో 37 అనేది ఎన్ని రోజులు దాటుతదో మీకు చెప్పక్కర్లేదు. బగ్గీ కూడా బండే, పెళ్లి ముహూర్తానికి మినహాయింపు లేదు. కానీ మొదటిసారి దొరికితే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు! మిర్చి బజ్జీ, చాయ్ ఖర్చు. కాబట్టి ఎద్దును చట్టం కాపాడుతుందని ధీమాగా కూచోలేం.

ఇంకో సంగతి. గుర్రం అలిస్తే ఒళ్లంతా చెమటతో తడిసి మనకు కనబడుతుంది. ఎద్దుకు అంత చెమట పట్టదు. ఒంట్లో వేడిని రొప్పుతూ కూడా బయటికి పంపుకుంటుంది. ఒళ్లు పొడిగా ఉంది కదా, బాగానే ఉందనుకుంటే మోసపోతాం. నోరు తెరిచి రొప్పుతున్నదా, నాలుక బయటపడ్డదా, చొంగ కారుతున్నదా, అడుగు తడబడుతున్నదా, కాడి కిందే కూలబడబోతున్నదా అని చూడాలి. ఇందులో ఒక్కటి కనబడ్డా ఎద్దు "చాలు" అన్నట్టే లెక్క.

పల్లెల్లో ఈ మాట తెలిసిన పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. "తాతా, ఇంకొక్క సుట్టు కొడదాం" అని మనుమడు ఎగిరితే, "నువ్వు ఆగు బిడ్డా, ముందుగాల దాని నాలుక సూడు" అనే తాతలు వీళ్లే. అట్లాంటి తాతను పిలిచి, పందెం మొదలయ్యే గీత దగ్గర కుర్చీ వేసి కూచోబెట్టండి. పక్కన పశువైద్యుణ్ణి కూచోబెట్టండి. పరుగుకు ముందు మెడ, గిట్టలు, లాడాలు చూడనియ్యండి. పుండు ఉంటే బండి పక్కకు. ముల్లు కనబడితే బండి పక్కకు. ఎద్దు పడితే ఆ జతకు ఆట ముగిసినట్టే. పొద్దు ఎక్కకముందే అన్నీ అయిపోవాలి. అవతలి చివర నీళ్ల తొట్టి, నీడ ఉండాలి. మర్నాడు కుంటిన ఎద్దు కోసం 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తది. వీటిలో లక్షలు పెట్టాల్సింది ఒక్కటీ లేదు. బహుమతి ట్రాక్టరు కన్నా చాలా చౌక.

పెళ్లివాళ్లకూ ఒక్క మాట. బగ్గీ మాట్లాడేటప్పుడు రేటు మాత్రమే అడుగుతాం. ఆ గుర్రం ఇయ్యాల ఇది ఎన్నో బరాత్, నీళ్లు ఎప్పుడు తాగింది అని కూడా అడగండి. స్పీకర్లను దాని చెవుల దగ్గర నుంచి దూరంగా పెట్టించండి. పెళ్లికొడుకు ఎక్కినంతసేపు దాని బాధ్యత పెళ్లికొడుకుదీ, డబ్బులిచ్చినోళ్లదీ కూడా.

ఈవెంటింగ్ ఫలితాల పట్టికలో గెలిచిన పేర్లే కాదు, "రిటైర్డ్" అని రాసిన పేర్లు కూడా ఉంటాయి. అంటే గుర్రం ఇవాళ బాగా లేదని రౌతు తానే చెయ్యి ఎత్తి, దిగి, దాన్ని నడిపించుకుంటూ వెనక్కి పోయాడని అర్థం. అక్కడ దాన్ని ఎవరూ ఓటమి అని ఎగతాళి చేయరు. మన పందెంలో మధ్యలో పగ్గం లాగి ఆగినోణ్ణి చూసి ఈల కొట్టి నవ్వుతాం. ఈసారి అట్లా ఆగినోడు కనబడితే నవ్వకండి, మైకులో వాడి పేరు, వాడి ఊరు పేరు చదివించి చప్పట్లు కొట్టించండి.