ఆట ఆపకండి

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చిన చుట్టాలకు గుడి చూపిస్తాం, మూడు నదులు కలిసే చోటు చూపిస్తాం, పంపించేస్తాం. ఈసారి ఎవరైనా వస్తే ఓక్‌లాండ్ పేటకు కూడా తీసుకెళ్లండి. యూనివర్సిటీ భవనాల మధ్య తీగలు అల్లుకున్న పాత ఇటుక గోడ ఒకటి కనిపిస్తుంది. అది ఒకప్పటి ఫోర్బ్స్ ఫీల్డ్ స్టేడియం ప్రహరీలో మిగిలిన ముక్క. 1960 అక్టోబర్ 13న ఇక్కడ బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో ఆట జరిగింది. స్కోరు 9-9. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మన పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్ ఆటగాడు బిల్ మజరోస్కీ కొట్టిన బంతి ప్రహరీ దాటి పోయింది. ప్రత్యర్థి జట్టు యాంకీస్ తల వంచుకుని వెళ్లిపోయారు. వరల్డ్ సిరీస్ ఏడో ఆట హోమ్ రన్‌తో ముగిసింది ఆ ఒక్కసారే.

ఇప్పటికీ ఏటా అదే తేదీన కొంతమంది ఆ గోడ దగ్గర చేరతారు. ఆనాటి రేడియో వ్యాఖ్యానాన్ని మొదటి నుంచి చివరి దాకా వింటారు. ఎవరు గెలిచారో అందరికీ తెలుసు. రామాయణం తెలియకనా మన ఊళ్లలో జనం హరికథకు వెళ్లేది? మధ్యాహ్నం 3:36కు, అంటే ఆ రోజు బంతి గోడ దాటిన నిమిషానికి, వ్యాఖ్యాత గొంతు పైకి లేస్తుంది. తెల్లజుట్టు మనుషులు చిన్నపిల్లల్లా చప్పట్లు కొడతారు.

ఈ ఉగాది సంచికలో బేస్‌బాల్ గురించి ఎందుకంటే, పండగ వెళ్లిన వారానికే కొత్త సీజన్ మొదలవుతోంది. మన పిల్లలు గ్లవ్‌లు బయటికి తీశారు. కానీ ఈ ఏడాది ఆటను మనసారా చూడనివ్వని తేదీ ఒకటి ముందుంది. క్లబ్బుల యజమానులకూ ఆటగాళ్ల యూనియన్‌కూ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. మర్నాడే లాకౌట్ పడుతుందన్న మాట అప్పుడే చాలామంది నోట వినిపిస్తోంది. నెల్లిమర్ల జూట్ మిల్లు వార్తలు చదువుతూ పెరిగిన మనవాళ్లకు ఆ మాట కొత్తది కాదు. గేటుకు తాళం పడితే లోపలివాళ్లకంటే ముందు గేటు బయట టీకొట్టువాడు నష్టపోతాడు.

మనలో ఎక్కువమంది ఈ దేశంలో దిగింది తొంభైల చివర్లో. బేస్‌బాల్ పెద్ద దెబ్బ తిని కోలుకుంటున్న రోజులవి. 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు. సెప్టెంబర్ 14న వరల్డ్ సిరీస్ రద్దయింది. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు కూడా ఆగని సిరీస్ అది. శాన్ డియాగో ఆటగాడు టోనీ గ్విన్ బ్యాటింగ్ సగటు అప్పటికి .394. 1941లో టెడ్ విలియమ్స్ తర్వాత ఎవరూ అందుకోని .400ను అందుకుంటాడేమోనని దేశమంతా చూస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు ఇక దొరకదు. మాంట్రియల్ ఎక్స్‌పోస్ 74 గెలిచి 40 ఓడి అందరికంటే ముందున్నారు. ఆ జట్టు మళ్లీ ఆ ఎత్తుకు చేరలేదు. పదేళ్లకు ఊరే ఖాళీ చేసి వాషింగ్టన్ చేరింది. 232 రోజుల సమ్మెకు తెర దించింది ఫెడరల్ జడ్జి సోనియా సొటొమేయర్ ఇచ్చిన ఉత్తర్వు. మరుసటి సీజన్‌లో ఒక్కో ఆటకు వచ్చే జనం దాదాపు ఐదో వంతు తగ్గారు.

వాళ్లను వెనక్కి రప్పించింది 1998లో మార్క్ మెక్‌గ్వైర్, సామీ సోసాల హోమ్ రన్ల పోటీ. మనలో చాలామంది ఆఫీసు ముచ్చట్లలో విన్న మొదటి బేస్‌బాల్ కథ అదే. తర్వాత తెలిసింది, అవి స్టెరాయిడ్ల రోజులని. పోయిన జనం తిరిగొస్తున్నారన్న సంబరంలో ఆ సంగతి పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోలేదు. ఒక సమ్మె ఖర్చు ఆ ఏడాదితో తీరలేదని చెప్పడానికే ఇదంతా.

ఇక ఈసారి తగువు ఏమిటి? అమెరికాలోని నాలుగు పెద్ద లీగుల్లో జట్టు జీతాలకు పరిమితి లేనిది బేస్‌బాల్‌కే. ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టుకూ ఇంతే డబ్బు అని కట్టడి ఉంటుంది కదా, యజమానులకు కావలసింది అలాంటిదే. ప్రస్తుతం జట్టు జీతాలు ఒక గీత దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, అంతే. 2025కు గాను డాడ్జర్స్ కట్టిన ఆ పన్నే సుమారు 16.9 కోట్ల డాలర్లు. కొన్ని జట్ల మొత్తం జీతాలు అంతకంటే తక్కువ. 1993 నుంచి 2012 వరకు వరుసగా 20 సీజన్లు గెలుపులకంటే ఓటములే ఎక్కువగా చూసిన పైరేట్స్ అభిమాని పరిమితి రావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ ఆటగాడి వైపు నుంచి కూడా చూడాలి, మనం మరీ చూడాలి. ఒకప్పుడు క్లబ్బు ఆటగాణ్ని జీవితాంతం తన దగ్గరే కట్టేసుకోగలిగేది. 1969లో సెయింట్ లూయిస్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్, తనను అడక్కుండా ఫిలడెల్ఫియాకు బదలాయిస్తే, వెళ్లనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1972లో 5-3తో ఓడిపోయాడు, అప్పటికే క్రీడా జీవితం ముగిసింది. మూడేళ్లకు ఒక మధ్యవర్తి తీర్పుతో తర్వాతివాళ్లకు తలుపు తెరుచుకుంది. ఇప్పటికీ ఆరు సీజన్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడు నచ్చిన క్లబ్బుకు వెళ్లలేడు. 2025లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌గా సై యంగ్ అవార్డు అందుకున్న మన పైరేట్స్ కుర్రాడు పాల్ స్కీన్స్ ఆ ఏడాది జీతం 8,75,000 డాలర్లు. మనకు పెద్ద మొత్తమే. ఆ ఆటలో అతని స్థాయి పిచ్చర్లు కొందరు నెల తిరక్కుండానే అంతకు మించి సంపాదిస్తారు. ఒక యజమాని పిటిషన్ మీద వీసా, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిరీక్షణ, మారాలంటే భయం: ఇవన్నీ అనుభవించిన మనం, ‘కోట్లు వస్తున్నాయి కదా, ఇంకేం కావాలి’ అని ఆటగాణ్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇండియాలో ప్రస్తుతం ఆడుతున్న క్రికెటర్లకు యూనియనే లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి ఈ తగువులో ఎవరో ఒకరి జెండా పట్టుకోమని నేను చెప్పను. నా అభ్యంతరం వేరు. ఒప్పందం ముగిసినంత మాత్రాన ఆట ఆగాలని ఏ చట్టమూ చెప్పదు. పాత షరతుల మీదే ఆడుతూ, పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు. 1994లో సమ్మె మొదలయ్యేదాకా ఆడింది అలాగే, పాత ఒప్పందం గడువు తీరాకే. అయితే ఆటగాళ్ల బలం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉంటుంది, అప్పటికి వాళ్ల జీతాలు చాలావరకు చేతికొచ్చి ఉంటాయి, క్లబ్బులకు అసలు ఆదాయం ఇంకా రావలసి ఉంటుంది. యజమానుల బలం చలికాలంలో ఉంటుంది. అందుకే 2021 డిసెంబర్ 2న వాళ్లు ముందుగా తాళం వేశారు. 99 రోజుల పాటు లీగ్ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల ఫొటోలు తీసేసి ఖాళీ నీడ బొమ్మలు పెట్టారు. ఆట ఆపడం ఇద్దరికీ ఒక ఎత్తుగడ. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్టు, స్టేడియంలో వేరుశనక్కాయలు అమ్మేవాడు, పార్కింగ్ దగ్గర నిలబడేవాడు, వసంతకాలపు శిక్షణ ఆటల మీద బతికే అరిజోనా, ఫ్లోరిడా ఊళ్లవాళ్లు ఆ చర్చల్లో ఎక్కడా ఉండరు.

మనమూ ఉండం. కానీ మన డబ్బు ఉంటుంది. పిట్స్‌బర్గ్ కొత్త స్టేడియాల కోసం అమ్మకపు పన్ను పెంచుతామంటే 1997 నవంబర్‌లో 11 కౌంటీల ఓటర్లు వద్దన్నారు. మరుసటి ఏడాది మరో దారిలో ప్రజాధనమే కేటాయించారు. 2001లో పీఎన్‌సీ పార్క్ తెరుచుకుంది. నిజం చెప్పాలంటే ఆ పార్క్ అందమైనది, నదికి అవతల ఊరి మేడలు కనిపిస్తుంటే అక్కడ కూర్చోవడం నాకు ఇష్టం. అయినా వద్దన్న మాట వినకుండా మన చేత కట్టించుకున్న స్టేడియానికి, మనల్ని అడక్కుండా తాళం వేయడం న్యాయమా?

నిబంధనల విషయంలోనూ ఇదే కథ. 2022 ఒప్పందంతో ఏర్పడిన కమిటీలో యజమానుల వైపు ఆరుగురు, ఆటగాళ్లు నలుగురు, అంపైర్ ఒకరు ఉంటారు. మొత్తం 11 మంది. ప్రేక్షకుడు సున్నా. మార్పులన్నీ చెడ్డవని కాదు. పిచ్చర్‌కు గడియారం పెడతామంటే నేనే వద్దన్నాను, ఆటకు తొందరేమిటని. 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టేది, గడియారం వచ్చిన 2023లో అది 2 గంటల 40 నిమిషాలయింది. ఆ సీజన్‌లో 7 కోట్ల మందికి పైగా స్టేడియాలకు వచ్చారు. బడి ఉన్న రోజు రాత్రి కూడా పిల్లలు చివరి ఇన్నింగ్స్ చూసి ఇంటికెళుతున్నారు. నా అభిప్రాయం తప్పని ఒప్పుకుంటున్నాను. బాల్, స్ట్రైక్‌ల మీద అంపైర్ నిర్ణయాన్ని ఈ సీజన్ నుంచి జట్లు సవాలు చేసే పద్ధతి కూడా, క్రికెట్ డీఆర్ఎస్‌కు అలవాటుపడ్డ మనకు సమంజసంగానే ఉంది.

కానీ 2024లో కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ ప్రస్తావించిన ‘గోల్డెన్ ఎట్ బ్యాట్’ ఆలోచన అలాంటిది కాదు. వరుసతో పని లేకుండా, ఆటలో ఒక్కసారి, కోరుకున్న బ్యాటర్‌ను దించవచ్చునట. ఔటై కూర్చున్న కోహ్లీని ఆఖరి ఓవర్‌కు మళ్లీ పంపించడం లాంటిది. ఇంకా ఆలోచన స్థాయిలోనే ఉన్నా, అక్కడే ఆగిపోవాలి. ఎందుకో ఆ గోడ చెబుతుంది. మజరోస్కీ ఆ రోజు బ్యాటింగ్ వరుసలో ఎనిమిదోవాడు. బ్యాటింగ్ కంటే ఫీల్డింగ్‌కు పేరున్నవాడు. ఈ నిబంధనే ఉండి ఉంటే ఆ సమయంలో అతన్ని పక్కన కూర్చోబెట్టి జట్టులోని మేటి బ్యాటర్ రాబర్టో క్లెమెంటేను పంపి ఉండేవారు. మీ అబ్బాయి, మా అమ్మాయి జట్టులో ఎనిమిదో వరుసలో వణుకుతూ నిలబడినప్పుడు, నీ వంతు నీదే, ఎవరూ తీసుకోలేరని ధైర్యం చెప్పే ఆట ఇది. దాని ప్రాణం ఆ వరుసలోనే ఉంది.

అందుకే మన సంఘం తరఫున రెండు ఉత్తరాలు సిద్ధం చేశాం. ఒకటి క్లబ్బు యాజమాన్యానికి, ఒకటి ఆటగాళ్ల యూనియన్‌కు. రెంటిలోనూ ఒకటే కోరిక: ఒప్పందం గడువు దాటినా ఆట ఆపకండి, తాళం వద్దు, సమ్మె వద్దు, పాత షరతుల మీద ఆడుతూ మాట్లాడుకోండి, నిబంధనల కమిటీలో అభిమానులకు ఒక స్థానం ఇవ్వండి. ఉగాది సభలో బల్ల మీద ఉంటాయి, చదివి, నచ్చితే సంతకం పెట్టండి. ఏటా మూకుమ్మడిగా కొనే టికెట్లకు, 2027 సీజన్ విషయంలో ఒప్పందం కుదిరాకే డబ్బు కడదామని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. ఈలోగా ఈ సీజన్ ఆటలకు వెళ్దాం, పిల్లల్ని తీసుకెళ్దాం.

అక్టోబర్ 13 ఈసారి మంగళవారం. వీలున్నవాళ్లు మధ్యాహ్నానికల్లా ఆ గోడ దగ్గరికి రండి. టికెట్ లేదు. కూర్చోవడానికి మడత కుర్చీ మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.