చూసినవాణ్ణి అబద్ధాలకోరును చేయకండి

ఆకాశంలో ఏదో వెలుగు చూశానని ఎవరైనా నోరు విప్పితే మన దగ్గర రెండే జవాబులు. టీవీ స్టూడియోలో కూర్చున్నాయన గ్రహాంతరవాసులొచ్చారంటాడు. ఆఫీసులో కూర్చున్నాయన పుకార్లు నమ్మవద్దంటాడు. ఎన్ని గంటలకు చూశావు, ఏ దిక్కున, ఎంత ఎత్తున, కదిలిందా నిలబడిందా, ఎంతసేపు ఉంది అని ఇద్దరిలో ఒక్కరూ అడగరు. ఈ మాత్రం రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. అది కూడా పెట్టలేని యంత్రాంగం మీదే నా కోపమంతా.

చేతకాదనుకోవడానికి వీల్లేదు. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లడఖ్‌లో, చైనా సరిహద్దున, మన సైనికులు ఆకాశంలో వెలుగుతున్న వస్తువులను 329 సార్లు చూసి నమోదు చేశారు. అవి చైనా డ్రోన్లేమోనని అనుమానం. సైన్యం ఆ మాటను కొట్టిపారేయలేదు, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థను అడిగింది. శాస్త్రవేత్తలు పరిశీలించి అవి శుక్రుడు, గురుడు అని తేల్చారు. గ్రహాన్ని డ్రోననుకున్నారని ఆ సైనికులను చూసి నవ్వినవాళ్ళున్నారు. నేను దణ్ణం పెడతాను. కంటికి కనబడింది రాసిపెట్టారు కాబట్టే నిజం బయటపడింది.

ఆ మర్యాద, వెలుగు చూశానని చెప్పే కోనసీమ రైతుకెందుకు లేదు?

మన నెత్తిమీద ఏమేం తిరుగుతున్నాయో మనకెవరైనా చెప్పారా? మచిలీపట్నం, విశాఖపట్నం వాతావరణ కేంద్రాలు రోజూ బెలూన్లు వదులుతాయి. అవి 30 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి పగులుతాయి, కింద కట్టిన తెల్ల డబ్బా గాలి ఎటు తీసుకుపోతే అటు పడుతుంది. చేలో అలాంటిది కనబడితే బాంబని భయపడే రైతుదా తప్పు? 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో దిగిన పెద్ద గుళికను చూసి జనం హడలిపోయారు. అది హైదరాబాద్ టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన అంతరిక్ష పర్యాటక నమూనా. రాత్రిపూట ఒకదాని వెనక ఒకటి వరసగా సాగే చుక్కలు స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ఏటిగట్టు మీద బండి నడిపేవాడి వెంటే వస్తున్నట్టు అనిపించే వెలుగు, చాలాసార్లు, మన వేగుచుక్కే. దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు దట్టమైన గాలిపొరల్లోంచి వచ్చే ఆ కాంతి వణుకుతుంది, రంగులు మారుస్తుంది. మన తాతలు దాన్ని చూసి తెల్లవారుజామున అరక కట్టారు. వీధి దీపాల కింద, రొయ్యల చెరువుల దీపాల మధ్య పెరిగిన పిల్లలకు దాన్ని చూపించినవాళ్ళే లేరు.

అలాగని విచారణ లేకుండా విసిరేసే సహజ కారణాన్నీ నేను ఒప్పుకోను. 1966లో అమెరికాలోని మిషిగన్‌లో ఊళ్ళకు ఊళ్ళే వెలుగులు చూశామంటే, వైమానిక దళం పంపిన ఖగోళ శాస్త్రవేత్త హైనెక్ కొద్దిరోజుల్లోనే బురదనేలల్లో పుట్టే వాయువు కావచ్చన్నాడు. మన కొరివిదయ్యాలకు చెప్పే కారణమే అది. జనం మండిపడ్డారు. ఆ రాష్ట్రం నుంచి ఎన్నికైన ప్రతినిధి జెరాల్డ్ ఫోర్డ్ పట్టుబట్టడంతో అమెరికా కాంగ్రెస్‌లో విచారణ జరిగింది. తొందరపాటు జవాబు సైన్సుకు చేసిన కీడు ఇంతా అంతా కాదు.

ఇది ఊసుపోక మాట్లాడుకునే సంగతని ఎవరైనా అంటే వాళ్ళకు కోనసీమ తెలియదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. ఇక్కడ రాత్రి ఆకాశం ఎర్రబడితే అది మబ్బు మీద పడిన గ్యాస్ మంట వెలుగు కావచ్చు, ముంచుకొస్తున్న ప్రమాదమూ కావచ్చు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా కాలిపోయారు. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పినా పట్టించుకోలేదని ఊరివాళ్ళు ఆనాడు గుండెలు బాదుకున్నారు. ఊరివాడి ముక్కును నమ్మని వ్యవస్థ ఊరివాడి కంటిని మాత్రం నమ్ముతుందా?

ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ 1977 నుంచి ఇలాంటి వెలుగుల విచారణ కోసమే ఒక విభాగం నడుపుతోంది, ఫైళ్ళు జనం ముందు పెడుతోంది. అమెరికా వైమానిక దళం 1969లో తన విచారణ మూసేసినప్పుడు 12,618 కేసుల్లో 701 తేలలేదని బాహాటంగా చెప్పింది. తేలలేదని చెప్పినందువల్ల ఆ దేశం పరువేమీ పోలేదు.

కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు కలెక్టర్లను అడుగుతున్నాను. ఒక రిజిస్టరు తెరవండి, ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. వాతావరణ శాఖ బెలూన్ల వేళలు, శ్రీహరికోట ప్రయోగాల తేదీలు, ఓఎన్‌జీసీ మంటల వివరాలు మీ బల్ల మీదికి తెప్పించండి. కాకినాడ జేఎన్‌టీయూలో, నన్నయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారిని కూర్చోబెట్టి వారంలోగా తెలుగులో జవాబివ్వండి. తేలని కేసుంటే తేలలేదని రాసి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.